లవం పేజీ నిండా ఉంది, హారం ఏదీ?

రిజల్ట్స్ వచ్చిన మర్నాడు పేపరు తెరిస్తే అసలు వార్తలు ఎక్కడ మొదలవుతాయో వెతుక్కోవాలి. మొదటి పేజీ ఒక కార్పొరేట్ కాలేజీది, దాని వెనక పేజీ కూడా వాళ్లదే, మూడోది వాళ్ల పోటీ కాలేజీది. పేజీ నిండా స్టాంపు సైజు ఫొటోలు, ఫొటో కింద హాల్‌టికెట్ నంబరు, పక్కన ఎర్రరంగులో ఒక అంకె. టీవీ పెడితే అవే అంకెలు గొంతెత్తి అరుస్తుంటాయి. ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు, మూడు... ఈ పాట మన రెండు రాష్ట్రాల్లో చిన్నపిల్లలకి కూడా నోటికొచ్చు. చదివే పిల్లలు లేని ఇంట్లో దాని మీద జోకులేసుకుంటారు. పదో తరగతి పిల్లాడున్న ఇంట్లో మాత్రం ఆ పేజీని మడిచి ఫ్రిజ్ మీద దాచిపెడతారు.

భిన్నాలు మనందరం చిన్న క్లాసుల్లోనే నేర్చుకున్నాం. పైన లవం, కింద హారం. పక్కవీధి ట్యూషన్ సారు "నా దగ్గర ముగ్గురికి సెంటు పర్సెంటు" అంటే "ఎంతమందిలో అండీ?" అని వెంటనే అడుగుతాం. అదే రెండు లక్షల ఫీజు కట్టే చోట ఆ ప్రశ్న గొంతు దాటి రాదు. తెలుగులో హారం అంటే దండ కూడా కదా. యాడ్‌లో దండలకి కొదవ లేదు, ప్రతి టాపర్ మెడలోనూ ఒకటుంటుంది. కింద ఉండాల్సిన హారం ఒక్కటే కనబడదు.

కాలేజీలని ర్యాంకులతో పోల్చడం పాపమని నేను అనను. పిల్లాడిని చేర్చేముందు పోల్చి చూడాల్సిందే. కాకపోతే ఇప్పుడు మన చేతికిస్తున్న కాగితంతో ఏ రెండు కాలేజీలనీ పోల్చలేం.

అంకెలు చూడండి. 2025లో ఐఐటీల ఎంట్రన్స్ అయిన జేఈఈ అడ్వాన్స్‌డ్ రెండు పేపర్లూ రాసినవాళ్లు 1,80,422 మంది. అందులో అర్హత సాధించినవాళ్లు 54,378. ఐఐటీల్లో ఉన్న సీట్లు 18 వేల పైచిలుకు. దేశంలో ఎన్ని కోచింగ్ సంస్థలున్నా వంద లోపు ఓపెన్ ర్యాంకులు వందే ఉంటాయి. యాడ్స్‌లో అవి అంత ధారాళంగా ఎలా దొరుకుతాయంటే, ప్రతి కేటగిరీకీ విడిగా ఒక ఒకటో ర్యాంకు ఉంటుంది. అవన్నీ ఒకే కుప్పగా పోసి, 'అన్ని కేటగిరీలు కలిపి' అన్న ముక్కని చీమతలకాయంత అక్షరాల్లో వేస్తారు. పైగా ఒకే పిల్లాడు రెండు మూడు సంస్థల యాడ్స్‌లో నవ్వుతూ కనిపిస్తాడు. ఒకచోట హాస్టల్లో ఉండి చదివాడు, ఇంకోచోట టెస్ట్ సిరీస్ రాశాడు, మరోచోట ఎనిమిదో తరగతిలో ఫౌండేషన్ తీసుకున్నాడు. పెళ్లికొడుకు ఒక్కడే, పందిళ్లు మాత్రం మూడిళ్ల ముందు.

కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 2024 నవంబర్‌లో కోచింగ్ యాడ్స్ మీద మార్గదర్శకాలిచ్చింది. సెలెక్టయ్యాక పిల్లల రాతపూర్వక అనుమతి లేకుండా పేరు, ఫొటో వాడకూడదు. వాడితే ఆ అభ్యర్థి ఏ కోర్సు తీసుకున్నాడో, ఎంతకాలం చదివాడో, అది డబ్బు కట్టి చేరిన కోర్సో కాదో కూడా చెప్పాలి. ఫ్రిజ్ మీద పేజీ ఉంటే ఓసారి తీసి చూడండి, ఆ వివరాలు ఎన్ని ఫొటోల పక్కన ఉన్నాయో.

సరే, ఈ గారడీలన్నీ పక్కన పెడదాం. యాడ్‌లోని ప్రతి అంకె నిజమే అనుకుందాం. నాకు అసలు పేచీ ఇక్కడే మొదలవుతుంది.

పదో తరగతిలో 600కి 590 దాటిన పిల్లని ఏ కాలేజీ అయినా ఎగరేసుకుపోతుంది. ఫీజు అక్కర్లేదంటారు, హాస్టల్ ఫ్రీ అంటారు. రెండేళ్ల తర్వాత ఆ పిల్లకి మంచి ర్యాంకొస్తుంది. ఎవరి గొప్ప? సంతలో మాగిన మామిడిపళ్లు కొనుక్కొచ్చి, పెరట్లో చెట్టుకి కట్టి, మా చెట్టు కాపు చూశారా అన్నట్టుంటుంది. పండు తియ్యగానే ఉంది, కాదనను. చెట్టు సంగతే తెలియలేదు.

ఇది నా ఊహ మాత్రమే కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో ఒక ప్రయోగం మొదలుపెట్టారు. అయిదు జిల్లాలు, 180 గ్రామాలు. సర్కారు బళ్లో పిల్లలకి ప్రైవేటు బడి ఫీజు కడతాం అన్నారు. దరఖాస్తు పెట్టుకున్నవాళ్ల పేర్లు లాటరీ తీశారు. లాటరీలో ఎవరి పేరు వస్తుందన్నది ఇంటి స్తోమతని బట్టో, పిల్లాడి తెలివిని బట్టో ఉండదు కదా, అందుకే ఆ పోలికకి విలువ. బయటి నుంచి చూస్తే ప్రైవేటు పిల్లల మార్కులు చాలా ముందున్నాయి. లాటరీలో నెగ్గి ప్రైవేటుకి వెళ్లిన పిల్లల్నీ నెగ్గక ఉండిపోయిన పిల్లల్నీ నాలుగేళ్ల తర్వాత పోల్చి చూస్తే తెలుగులో, లెక్కల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. హిందీలో మాత్రం ప్రైవేటుకి వెళ్లినవాళ్లు ముందున్నారు. ఒక్కో పిల్లాడి మీద ప్రైవేటు బడి పెట్టే ఖర్చు సర్కారు ఖర్చులో మూడోవంతు కూడా లేదని కూడా ఆ అధ్యయనమే తేల్చింది, ఆ మాట దాచడం న్యాయం కాదు. చేసినవాళ్లు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్. మన పల్లెల్లోనే జరిగిన ఈ లెక్కని మన టీవీ చర్చల్లో ఒక్కసారైనా ఎవరైనా ఎత్తగా నేను వినలేదు.

అవి పల్లెటూరి చిన్న బళ్లు, కార్పొరేట్ కాలేజీల సంగతి వేరు అంటారా? అమెరికాలో బోస్టన్, న్యూయార్క్‌లలో ఎంట్రన్స్ పెట్టి పిల్లల్ని తీసుకునే పేరుమోసిన ప్రభుత్వ హైస్కూళ్లున్నాయి. కట్ఆఫ్‌కి ఒకటి రెండు మార్కులు పైనుండి సీటొచ్చిన పిల్లల్నీ, ఒకటి రెండు మార్కుల్లో పోగొట్టుకుని మామూలు బడికి వెళ్లిన పిల్లల్నీ ఆర్థికవేత్తలు పక్కపక్కన పెట్టి చూశారు. తర్వాతి పరీక్షల్లో గానీ, చేరిన కాలేజీల్లో గానీ పెద్ద తేడా ఏమీ కనబడలేదు. 2014లో అచ్చయిన ఆ అధ్యయనం చేసిన ముగ్గురిలో జాషువా ఆంగ్రిస్ట్‌కి 2021లో నోబెల్ వచ్చింది. ఆ బళ్ల గోడలకి మహిమ ఉందని అక్కడి తల్లిదండ్రులూ మనలాగే నమ్ముతారు.

ఇక లోపలికి వెళదాం. పోయినేడు ఒక ఔటింగ్ ఆదివారం మా అక్కతో కలిసి దాని కూతురి హాస్టల్‌కి వెళ్లాను. ఊరికి దూరంగా అయిదంతస్తుల బిల్డింగు, ఎదురుగా కొబ్బరిబోండాల బండి. వేపచెట్ల కింద దుప్పట్లు పరుచుకుని ఎక్కడెక్కడి నుంచో వచ్చిన తల్లులు క్యారియర్లు విప్పి కూర్చున్నారు. పదహారేళ్ల పిల్లలకి ముద్దలు కలిపి నోట్లో పెడుతున్నారు. గోంగూర వాసన, పెరుగన్నం వాసన, మధ్యలో "ఈ వీకెండ్ టెస్ట్‌లో ఎంతమ్మా?"

మా పిల్ల ఐడీ కార్డుని చొక్కా జేబులోకి తోసేసి, దాని ట్యాగ్‌ని కూడా కాలర్ లోపలికి దూర్చుకుంది. ఎందుకే అన్నాను.

"మాది పచ్చ ట్యాగ్ మావయ్యా. నీలం వాళ్లు పై సెక్షన్."

"అయితే ఏం?"

"ఏం లేదు. ఫొటోలో ఉన్న ఫిజిక్స్ సారు నీలం వాళ్లకే వస్తారు. మాకు పోయినేడు బీటెక్ అయిన సార్ వస్తున్నారు. మంచాయనే పాపం, డౌట్ అడిగితే రేపు చెప్తానంటారు."

మా అక్క మొహం చూడలేకపోయాను. ఆ ఫిజిక్స్ సారు ఫొటో చూసే కదా ఆవిడ అప్పు చేసి ఫీజు కట్టింది. ఆ కాలేజీ పేరు ఇక్కడ రాయడం లేదు, ఎందుకంటే పిల్ల ఇంకా అక్కడే చదువుతోంది.

హారం ఎక్కడ దాక్కుందో ఆ రోజు నాకు తెలిసింది. పచ్చ ట్యాగ్ పిల్లలే ఆ హారం. వాళ్లు కట్టే ఫీజుతోనే నీలం ట్యాగ్‌కి పేరున్న లెక్చరర్లొస్తారు, టాపర్‌కి ఫ్రీ సీటొస్తుంది, పేపర్లో మొదటి పేజీ వస్తుంది. ఆ పేజీ చూసి మళ్లీ ఇంకో పచ్చ ట్యాగ్ పిల్ల చేరుతుంది. ఒకే గేటు, ఒకే మెస్సు, ఒకే సాంబారు, కాలేజీలు మాత్రం రెండు.

వాళ్ల తరఫున చెప్పాల్సింది లేకపోలేదు. ఒకప్పుడు ఐఐటీ కావాలంటే హైదరాబాద్ నల్లకుంటలో చుక్కా రామయ్య గారి దగ్గర సీటు దొరకాలి, ఆ సీటు కోసం మళ్లీ ఒక ఎంట్రన్స్. కార్పొరేట్ కాలేజీలొచ్చి ఆ చదువుని జిల్లా జిల్లాకీ మోసుకెళ్లాయి. 2023 అడ్వాన్స్‌డ్‌లో మొదటి పదిమందిలో ఆరుగురు హైదరాబాద్ జోన్ నుంచే వచ్చారు. రైతుబిడ్డలు, ఆటో తోలేవాళ్ల పిల్లలు అమెరికా దాకా వెళ్లారు. ఆ ఇళ్లలో ఎవరినైనా అడిగితే నన్ను కొట్టినంత పని చేస్తారు. ఒప్పుకుంటాను. నేనడిగేది ఆ ఇంటికి ఎదురింటి పిల్లాడి సంగతి.

ఇక 'కల్చర్' అన్న మాట. బ్రోషర్లో దానికి అర్థం ఏసీ రూము, డిజిటల్ బోర్డు, యోగా దినోత్సవం ఫొటో. పేరులోనే టెక్నో, కాన్సెప్ట్, ఒలింపియాడ్ అని తగిలించుకున్న బళ్లలో ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్. ఆటస్థలం ఉందా అంటే సెల్లార్ చూపిస్తారు. ఒక విద్యాసంస్థ కల్చర్ తెలుసుకోవాలంటే నేను చూసేవి వేరే. ఫస్టియర్లో చేరినవాళ్లలో ఎంతమంది సెకండియర్‌కి అక్కడే ఉన్నారు? మార్కులు తగ్గిన పిల్లని ఎవరు పిలుస్తారు, ఏమంటారు? కెమిస్ట్రీ ల్యాబ్ తాళం మీద దుమ్ముందా? పిల్లకి జ్వరమొస్తే ఇంటికి ఫోన్ ఎన్ని గంటలకి వస్తుంది? ఒక్క ఔటింగ్ రోజు వేపచెట్టు కింద కూర్చుంటే వీటిలో సగానికి జవాబులు దొరుకుతాయి. క్యాంపస్ టూర్‌లో ఒక్కదానికీ దొరకవు.

ఇల్లు కొనేవాడికి ఈ దేశంలో ఒక చట్టం ఉంది. 2016లో రెరా వచ్చాక బిల్డర్ మెట్లూ లిఫ్టూ కారిడార్లూ కలిపేసి, సూపర్ బిల్టప్ అని గాలిలో అడుగులు అమ్మడానికి లేదు. కార్పెట్ ఏరియా ఎంతో చెప్పాలి, యాడ్‌లో రెరా నంబరు వేయాలి. గోడల మధ్య నిజంగా చాప పరుచుకోగలిగిన జాగా ఎంతో కొనేవాడికి తెలియాలని. పిల్లల చదువు కొనేవాడికి మాత్రం నేటికీ సూపర్ బిల్టప్ ర్యాంకులే.

పోనీ ఇది చేయలేని పనా? పదో తరగతి హాల్‌టికెట్ నంబరు, ఇంటర్ హాల్‌టికెట్ నంబరు, ఎంసెట్ (ఇప్పటి ఈఏపీసెట్) ర్యాంకు, మూడూ ప్రభుత్వం దగ్గరే ఉన్నాయి. పదిలో 450 మార్కులతో చేరిన పిల్లలు ఏ కాలేజీలో రెండేళ్లకి ఎక్కడ తేలారో కంప్యూటర్ ముందు కూర్చుంటే కొద్ది రోజుల్లో తీయొచ్చు. ఇంగ్లండులో 2016లో హైస్కూళ్లకి ఇలాంటి కొలతే పెట్టారు. పదకొండేళ్లప్పుడు అవే మార్కులున్న మిగతా దేశం పిల్లలతో పోలిస్తే ఈ బడి పిల్లలు ఎంత ముందుకెళ్లారన్నదే ఆ లెక్క. దానికీ లోపాలున్నాయి, అక్కడివాళ్లూ తిట్టుకుంటారు. కానీ తిట్టుకోవడానికైనా వాళ్ల చేతిలో ఒక లెక్క ఉంది.

మన దగ్గర ఆ లెక్క ఎవరికీ అక్కర్లేదు, అందులో మా పత్రికలవాళ్లు మొదటివాళ్లు. ఇరవై ఏళ్లుగా ఈ వృత్తిలో ఉండి నేను గమనించిన వ్యాకరణ సూత్రం ఒకటి చెబుతాను. ర్యాంకు వస్తే కాలేజీ పేరు అంగుళం ఎత్తు అక్షరాల్లో ఉంటుంది. హాస్టల్లో పిల్లాడి ప్రాణం పోతే తొమ్మిదో పేజీలో 'ఓ ప్రైవేటు కళాశాల' అవుతుంది. ప్రాణం పోయిన పిల్లాడి ఊరు వేస్తారు, తండ్రి చేసే పని వేస్తారు, కాలేజీ పేరొక్కటే సర్వనామం. దేశంలో 2022లో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. ఉమ్మడి రాష్ట్రంలో నీరదారెడ్డి కమిటీ వేశారు, విభజన తర్వాత ఆంధ్రాలో చక్రపాణి కమిటీ వేశారు. కమిటీ వేసిన రోజు వార్త వచ్చింది. నివేదిక ఏమైందని అడిగే వార్తకి ఎప్పుడూ జాగా దొరకదు, పేపరుని చుట్టేసే జాకెట్ యాడ్ పోగా మిగిలిన పేజీలు తక్కువ కదా. నేనూ ఆ జీతమే తిన్నాను కాబట్టి ఈ మాట అనే హక్కు నాకుంది.

మొన్న జనవరిలో మా ఇంటికి ఒక కాలేజీ పీఆర్వో వచ్చాడు. నిజానికి అతను లెక్కల లెక్చరరు. అడ్మిషన్ల సీజన్లో తలకి ఇన్ని సీట్లని టార్గెట్ ఇచ్చి వీధుల్లోకి తోలారు. ఎండలో బండి మీద తిరిగి చొక్కా తడిసిపోయింది, మంచినీళ్లు అడిగి తాగాడు. మా అబ్బాయి పదో తరగతని అతనికి ఎవరు చెప్పారో నేను అడగలేదు. బ్రోషర్ విప్పి ఫొటోలు చూపిస్తుంటే మూడే అడిగాను. పోయినేడు మీ బ్రాంచిలో ఎంతమంది చేరారు? అందులో ఎంతమంది ఎంసెట్‌లో పదివేల లోపు వచ్చారు? మావాడికి ఏ సెక్షన్, అక్కడ చెప్పేది ఎవరు?

అతను బ్రోషర్ మూసి కాసేపు గ్లాసు వంక చూశాడు. "లెక్కల మాస్టార్ని, మీరడిగింది కరెక్టే సార్. ఆ డేటా మా దగ్గర ఉండదు, హెడ్ ఆఫీసులో ఉంటుంది. కనుక్కుని చెప్తాను" అన్నాడు.

మర్నాడు సాయంత్రం ఫోన్ చేశాడు. డేటా దొరకలేదట. ఈ ఆదివారం లోపు సీటు కన్ఫర్మ్ చేస్తే మాత్రం ఫీజులో పదివేలు తగ్గిస్తారట.