ఇరవైకి ఇరవై వేయించింది ఎవరు?

పదో తరగతి ఫలితాలు వచ్చిన మర్నాడే విశాఖలో ద్వారకానగర్ నుంచి గాజువాక దాకా హోర్డింగులన్నీ పిల్లల ముఖాలతో నిండిపోతాయి. ర్యాంకుల ప్రకటనలను నిషేధిస్తూ 2022లో ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చినా ఆ యావ చావలేదు. 600కు ఎన్ని వచ్చాయన్నది తప్ప పిల్లల గురించి మరో ప్రశ్న అడగడమే మానేశాం.

ఒక్క పరీక్షతో కాక ఏడాది పొడవునా పిల్లల నేర్పును అన్ని కోణాల్లో అంచనా వేసే నిరంతర సమగ్ర మూల్యాంకనం జరగాలని 2009 విద్యాహక్కు చట్టమే చెప్పింది. పదో తరగతిలో బడిలోనే టీచరు వేసే అంతర్గత మార్కులు 20 పెట్టారు. చాలా ప్రైవేటు బడుల్లో ఇరవైకి ఇరవై పడ్డాయి. 2019లో ఆ మార్కులను ఎత్తేశారు. ఉపాధ్యాయుల చేతికి మార్కులిస్తే ఇంతేనని తీర్పు చెప్పేశారు. ఆ తీర్పు అన్యాయం. మార్కులు వేసింది ఉపాధ్యాయుడే అయినా, వేయించింది అడ్మిషన్ల లెక్క.

కాబట్టి టీచరు వేసే అంకెనే తీసేసి, చూసినది మాటల్లో రాయించాలి. ఉదాహరణకు ఆర్కే బీచ్‌నే చూడండి. తీరం వెంట దక్షిణం నుంచి ఉత్తరానికి సాగే ఇసుకకు పోర్టు ఔటర్ హార్బర్ గోడలు అడ్డుపడ్డాయి. అందుకే ఒడ్డు కోతకు గురవుతోంది, పోర్టువాళ్లు ఇసుక తవ్వి తెచ్చి పోయాల్సి వస్తోంది. ఎనిమిదో తరగతి పిల్లలు ఏడాది పొడవునా నెలకోసారి ఒకే చోట ఒడ్డు వెడల్పు కొలిచి, మత్స్యకారులుండే పెదజాలారిపేట పెద్దలను అడిగి, తేడా ఎందుకొచ్చిందో రాస్తే అందులో భూగోళం, గణితం, తెలుగు మూడూ ఉన్నాయి. కొలత తప్పితే మళ్లీ వెళ్లి కొలిచిందెవరు? పక్కవాడి లెక్కను గుడ్డిగా దించుకోక నిలదీసిందెవరు? మూడు గంటల పరీక్షకు ఇవి కనబడవు. టీచరుకు కనబడతాయి. ఆమె చూసినది నాలుగు వాక్యాల్లో రాయాలి, అంతే.

పేరు తెలియనివారు దిద్దే ఉమ్మడి పరీక్షే పేదింటి పిల్లకు రక్షణ అనేవారున్నారు. నిజమే, పదో తరగతిలో దాన్ని ఉంచుదాం. ఆరు నుంచి తొమ్మిది దాకా నాలుగేళ్లను దాని రిహార్సల్‌గా మార్చే హక్కు మాత్రం ఎవరికీ లేదు.

అసలు జబ్బు పరీక్షది కాదు, టీచరు మాట మీద మనకు నమ్మకం లేకపోవడం. ఎవరు ఏం నేర్చారో చెప్పగల మనిషి చేత కొన్నేళ్లపాటు మరుగుదొడ్ల ఫోటోలు తీయించి యాప్‌లో పెట్టించాం! ఆమె తీర్పుకు విలువ లేదని అంతకంటే బాహాటంగా ఎలా చెబుతాం? అలాంటి పనులన్నీ ఆమె నెత్తి మీంచి దించి, ఆ సమయాన్ని పిల్లల నోటుపుస్తకాలకు ఇవ్వాలి. ఆమె రాసినది తల్లిదండ్రులకే చేరాలి. దాన్ని ప్రచారానికి వాడుకున్న బడి గుర్తింపు రద్దు చేయాలి.