నానోగ్రాముల లెక్క ఎగుమతికే, చెరువుకు కాదు

"కొత్త యాంటీబయాటిక్ కనిపెట్టారట" అన్న వార్త ఉండుండి నా ఫీడ్‌ని ముంచెత్తుతుంది. 2020లో హాలిసిన్. షుగర్ జబ్బు కోసం పరీక్షించి పక్కన పడేసిన మందులో బ్యాక్టీరియాను చంపే గుణం ఉందని ఎంఐటీ వాళ్లు ఏఐ సాయంతో పట్టుకున్నారు. 2024లో జోసురాబల్పిన్. 2025 మార్చిలో లారియోసిడిన్. ఈ చివరిది మరీ తిరిగింది, కథ అలాంటిది మరి. కెనడాలోని హామిల్టన్‌లో ఓ ల్యాబ్ టెక్నీషియన్ పెరట్లోంచి మట్టి తెచ్చారు, అందులోని సూక్ష్మజీవుల్ని ఏడాది పాటు ఓపిగ్గా పెంచారు, వాటిలో ఒకటి ఇప్పటిదాకా ఎవరూ చూడని మందు తయారు చేస్తోందని తేల్చారు. మెక్‌మాస్టర్ యూనివర్సిటీ వాళ్ల పని. చదివితే నిజంగానే ముచ్చటేస్తుంది.

ఆ శాస్త్రవేత్తలతో నాకు పేచీ లేదు. షేర్ చేసేవాళ్లతోనూ లేదు, నేనూ చేశాను. నా గోలంతా ఏంటంటే, మట్టి తవ్వి పరిశోధన మన దగ్గర కూడా చేశారు. హైదరాబాద్ శివార్లలోని పటాన్‌చెరు, బొల్లారం చుట్టుపక్కల. యాంటీబయాటిక్ రెసిస్టెన్స్ (బ్యాక్టీరియా మందులకు లొంగకుండా పోవడం) మీద పనిచేసేవాళ్లకు, ఏ దేశంలో ఉన్నా, పటాన్‌చెరు పేరు తెలుసు. ఆ రోడ్డు మీద రోజూ తిరిగే మనకే ఆ పరిశోధన పేపర్లలో ఏముందో తెలీదు.

చెప్తాను. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ నుంచి జోయాకిమ్ లార్సన్ అనే ఆయన బృందం వచ్చి, దాదాపు 90 బల్క్ డ్రగ్ (మాత్రల్లో వాడే అసలు మందు పదార్థం తయారు చేసే) కంపెనీల వ్యర్థ జలాలు చేరే కామన్ ఎఫ్లుయెంట్ ట్రీట్‌మెంట్ ప్లాంట్ దగ్గర శాంపిల్స్ తీసుకుంది. 2007లో పేపర్ వచ్చింది. గమనించండి, వాళ్లు తీసుకున్నది కంపెనీ నుంచి వచ్చే మురికి నీళ్లు కాదు, శుద్ధి చేసి బయటకు వదులుతున్న నీళ్లు. వాటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. మనం సిప్రో టాబ్లెట్ వేసుకున్నాక రక్తంలో ఉండే మోతాదు కంటే ఆ నీళ్లలోనే ఎక్కువ. రోజుకు సుమారు 45 కిలోల మందు అలా పోతోందని లెక్క కట్టారు. 90 లక్షల జనాభా ఉన్న స్వీడన్ మొత్తం ఐదు రోజుల్లో వాడే సిప్రో, ఇక్కడ ఒక్క రోజులో ఒక్క పైపులోంచి వాగులోకి.

ఆ నీళ్లు ఇసుకవాగు, నక్కవాగు మీదుగా మంజీరలోకి, అక్కణ్నుంచి గోదావరిలోకి పోయేవి. తర్వాత 18 కిలోమీటర్ల పైప్‌లైన్ వేసి అంబర్‌పేట వైపు మళ్లించారు. అంటే మూసీకి.

అక్కడితో ఆగలేదు. 2009లో అదే బృందం చుట్టుపక్కల చెరువుల్లో, ఊళ్లలోని బావుల్లో వెతికి అక్కడా మందులు దొరికాయని రాసింది. 2014లో కాజీపల్లి చెరువు మట్టిలోని డీఎన్‌ఏ మొత్తాన్ని చదివి, స్వీడన్‌లోని ఓ చెరువుతో పోల్చి చూశారు. మందులను తట్టుకునే జన్యువులు మన చెరువులో 7,000 రెట్లు ఎక్కువ. విదేశీయులు బురద చల్లుతున్నారు అనేవాళ్ల కోసం ఇంకో పేపర్ కూడా ఉంది. 2013లో పుణెలోని కణ పరిశోధన సంస్థ ఎన్‌సీసీఎస్ శాస్త్రవేత్తలు, స్వీడన్ వాళ్లతో కలిసి, ఆ ప్లాంట్‌లోని బ్యాక్టీరియాను పెంచి 39 యాంటీబయాటిక్స్ మీద పరీక్షించారు. వాటిలో 86 శాతం బ్యాక్టీరియా 20, అంతకు మించి మందులను తట్టుకున్నాయి.

ఎందుకిలా అవుతుందో అర్థం కావడానికి పెద్ద చదువు అక్కర్లేదు. నీళ్లలో మందు నిత్యం ఉంటే, దానికి లొంగే బ్యాక్టీరియా చచ్చిపోతుంది, లొంగనిది మిగులుతుంది, పిల్లల్ని పెడుతుంది. అసలు చిక్కు ఆ తర్వాతది. తట్టుకునే జన్యువును బ్యాక్టీరియా తన పిల్లలకే కాదు, పక్కనున్న వేరే జాతి బ్యాక్టీరియాకు కూడా అందించగలదు. వాగులో ఉండే ఏ హానీ చేయని సూక్ష్మజీవి దగ్గరున్నది రేపు మన పేగుల్లో ఉండేదానికి చేరొచ్చు. ఫలానా చెరువులోని జన్యువే ఫలానా ఐసీయూ పేషెంట్‌ని చంపిందని ఎవరూ నిరూపించలేరు, అంత సూటిగా ఉండదు ఆ దారి. కానీ లాన్సెట్‌లో వచ్చిన అంచనా ప్రకారం ఒక్క 2019లోనే ప్రపంచంలో 12.7 లక్షల మంది మందులకు లొంగని ఇన్ఫెక్షన్ల వల్లే చనిపోయారు.

ఇప్పుడు అసలు కడుపుమంట.

నేను కొన్నేళ్లు ఒక బల్క్ డ్రగ్ కంపెనీ క్యూసీలో (మందు నాణ్యత పరీక్షించే విభాగంలో) పనిచేశాను. హెచ్‌పీఎల్‌సీ (మందులో ఏ పదార్థం ఎంతుందో విడదీసి, గీతగా చూపే మెషీన్) ముందు కూర్చుని క్రోమటోగ్రామ్‌లు చూడటమే పని. బ్యాచ్ బయటికి పోవాలంటే అందులో తెలియని మలినం 0.1 శాతం దాటినా గొడవే. స్క్రీన్ మీద గీత తిన్నగా పోతూ పోతూ ఎక్కడో చిన్న బొడిపెలా లేస్తే చాలు, ఓఓఎస్ (పరిమితి దాటింది) అని పేపర్ తెరవాలి, ఇన్వెస్టిగేషన్ రాయాలి, షిఫ్ట్ అయిపోయినా ఇంటికెళ్లడం కుదరదు. ఆడిట్ ఉందంటే నెల ముందు నుంచే టెన్షన్. అదంతా తప్పనట్లేదు, అలాగే ఉండాలి, అది మనుషులు మింగే మందు.

2018లో వల్సార్టాన్ గొడవ గుర్తుందా? బీపీ మందులో ఎన్‌డీఎమ్‌ఏ అనే క్యాన్సర్ కారకం ఉందని ప్రపంచమంతా వెనక్కి రప్పించారు. రోజుకు 96 నానోగ్రాములు మించకూడదన్నారు. నానోగ్రాము అంటే గ్రాములో వంద కోట్ల వంతు. అలాంటిది కొలవడం మొదట్లో మాకు నవ్వులాటలా అనిపించింది. కానీ అమెరికా అడిగింది, యూరప్ అడిగింది. కంపెనీలు కొత్త మాస్ స్పెక్ట్రోమీటర్లు కొన్నాయి, కొత్త మెథడ్స్ రాశాయి, కుర్రాళ్లకు ట్రైనింగ్ ఇచ్చాయి, కొలిచాయి. ఇవాళ అది మామూలు పని.

పటాన్‌చెరు నీళ్లలో లీటరుకు 31 మిల్లీగ్రాములంటే, అదే కొలతలో 3 కోట్ల 10 లక్షల నానోగ్రాములు. రెండూ వేరు వేరు పదార్థాలు, నేను ప్రమాదాన్ని పోల్చట్లేదు, కొలవడం గురించి మాట్లాడుతున్నా. టాబ్లెట్‌లో 96 నానోగ్రాములు చూడగలిగినవాళ్లకు కాలువలో 3 కోట్లు కనిపించవా? నేను పనిచేసినన్నాళ్లూ ఈటీపీ (కంపెనీ లోపలి వ్యర్థ జలాల శుద్ధి ప్లాంట్) నీళ్ల శాంపిల్ మా హెచ్‌పీఎల్‌సీ బెంచ్ మీదకు ఒక్కసారీ రాలేదు. వాటికి పీహెచ్, సీఓడీ, బీఓడీ, టీడీఎస్ లాంటి మామూలు నీటి కొలతలు చూస్తే సరిపోయేది, ఎందుకంటే అడిగేది అంతే. సీఓడీ నీళ్లలో రసాయన మురికి మొత్తం ఎంతుందో చెప్తుంది, ఆ మురికిలో సిప్రో ఎంతో చెప్పదు. ఫార్మాసిస్ట్ చీటీ చూడకుండా మందుల సంచీని తూకం వేసి ఇచ్చినట్టు ఉంటుంది ఆ పద్ధతి.

అడగడానికి ప్రయత్నం జరగలేదా అంటే, జరిగింది. 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ ఒక ముసాయిదా తెచ్చింది. బల్క్ డ్రగ్ కంపెనీల వ్యర్థ జలాల్లో వందకు పైగా యాంటీబయాటిక్స్‌కి ఒక్కోదానికి ఒక్కో పరిమితి పెడుతూ పట్టిక వేసింది. అప్పటికి ప్రపంచంలో ఎక్కడా అలాంటి చట్టం లేదు. చదివి ఎంత సంబరపడ్డానో. 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ వచ్చింది. అందులో ఆ పట్టిక మొత్తం గాయబ్. పాత లెక్కలే, పీహెచ్, బీఓడీ, సీఓడీ. దేశం మొత్తాన్ని కుదిపేయాల్సిన వార్త, లోపలి పేజీల్లో మూల కాలమ్ అయింది.

2024 సెప్టెంబర్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ యాంటీబయాటిక్ ఫ్యాక్టరీల వ్యర్థాల మీద తొలిసారి మార్గదర్శకాలు విడుదల చేసింది. మార్గదర్శకాలే, చట్టం కాదు. పాటిస్తే పాటించొచ్చు.

మన ఆక్వాలోనూ ఇదే తంతు. భీమవరం పక్క చెరువుల్లో పెంచిన రొయ్య యూరప్‌కి పోవాలంటే పట్టుబడికి ముందే శాంపిల్ ల్యాబ్‌కి వెళ్లాలి, నైట్రోఫ్యూరాన్లు, క్లోరాంఫెనికాల్ లాంటి యాంటీబయాటిక్స్ లేవని తేలాలి. 2016లో యూరోపియన్ యూనియన్ మన కన్‌సైన్‌మెంట్లలో 10 శాతం కాదు, 50 శాతం తనిఖీ చేస్తామంది. మనవాళ్లు తిట్టుకుంటూనే దారికొచ్చారు. మరి అదే రొయ్య ఆదివారం మన సంతకు వస్తే ఆ శాంపిల్ తీసేదెవరు?

అసలు ఇదే భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లే ల్యాబ్స్ పరిశోధన విభాగానికి అధిపతిగా ఉన్న కాలంలోనే, మిస్సోరీ మట్టిలోంచి ఆరియోమైసిన్ వచ్చింది. టెట్రాసైక్లిన్లు అనే యాంటీబయాటిక్స్ కుటుంబంలో మొట్టమొదటిది. ఆయన పుట్టినరోజు వస్తే ఫొటో పెట్టి "మన తెలుగువాడు" అని గర్వపడతాం. ఆ మందుల్ని ఇప్పుడు మనమేం చేస్తున్నామో మాత్రం ఆ పోస్టులో రాయం.

మన తప్పు లేదనట్లేదు. జలుబుకి అజిత్రోమైసిన్ అడిగి కొనుక్కునేది మనమే. షీటు వెనక నిలువుగా ఎర్ర గీత ఉంటుంది, డాక్టర్ చీటీ లేకుండా వాడొద్దని. 2016లో ఆ గీత గురించి ప్రచారం కూడా చేశారు. మెడికల్ షాపులో కత్తెర తీసుకుని, మూడు మాత్రలు చాలన్నామని షీటును అడ్డంగా కత్తిరించి కవర్లో వేసిస్తారు. గీత ముక్కైపోతుంది, ఎక్స్‌పైరీ డేటు షాపులోనే ఉండిపోతుంది. ఇవన్నీ నిజమే. కానీ "ప్రజల్లో అవగాహన పెరగాలి" అని ప్రతి సెమినార్‌లో చెప్పేవాళ్లు, 45 కిలోల సంగతి వచ్చేసరికి గొంతు సవరించుకుంటారు. రోజుకు 45 కిలోలంటే 500 మిల్లీగ్రాముల మాత్రలు 90 వేలు. ఏ ఊళ్లో ఎంత అవగాహన లేని జనం ఉన్నా, రోజూ 90 వేల మాత్రలు వాగులో పారబోయరు కదా.

ఇప్పుడు పరిస్థితి మారిందని, జీరో లిక్విడ్ డిశ్చార్జ్ (వ్యర్థ జలం చుక్క కూడా బయటకు వదలని పద్ధతి) వచ్చిందని కొందరు అంటారు. చాలా కంపెనీలు నిజంగానే డబ్బు పెట్టి పెట్టుకున్నాయి, నా కళ్లతో చూశాను. అయితే 2017లో వచ్చిన జర్మన్ శాస్త్రవేత్తల పేపర్ కూడా చదవండి. 2016 నవంబర్‌లో హైదరాబాద్, చుట్టుపక్కల 28 చోట్ల నీళ్లు పట్టారు. ఓ పారిశ్రామిక వాడ మురుగులో ఫ్లూకోనజోల్ అనే ఫంగస్ మందు లీటరుకు 236 మిల్లీగ్రాములు దాటింది. పెద్ద వాన పడే రాత్రి వ్యర్థ జలాల ట్యాంకర్లు ఎందుకు హడావుడి పడతాయో ఆ పక్క ఊళ్లలో ఎవర్నడిగినా చెప్తారు. పటాన్‌చెరు డాక్టర్ కిషన్‌రావు గారు 1990 నుంచి కోర్టుల చుట్టూ తిరిగింది ఈ నీళ్ల కోసమే. సుప్రీంకోర్టు, హైకోర్టు, గ్రీన్ ట్రిబ్యునల్ అన్నీ చూసింది ఆ కేసు.

కామెంట్లలో "అయితే పరిశ్రమలు మూసేయమంటావా, ఉద్యోగాలు నువ్విస్తావా" అని వస్తారు, తెలుసు. నా ఇంట్లో అన్నం ఆ పరిశ్రమ పెట్టిందే. మూసేయమనట్లేదు. నార్వేలో ఆసుపత్రులకు యాంటీబయాటిక్స్ కొనే టెండర్లో ధరతో పాటు పర్యావరణానికీ మార్కులేస్తున్నారు. రేపు మిగతా దేశాలూ అడుగుతాయి. అప్పుడు మనవాళ్లు ఎలాగూ కొలుస్తారు, నాకా నమ్మకం ఉంది. అదేదో వాళ్లడిగే దాకా ఆగడం ఎందుకన్నదే ప్రశ్న.

ప్రతి ఫ్యాక్టరీ గేటు పక్కన ఒక పెద్ద బోర్డు ఉంటుంది, సుప్రీంకోర్టు ఆదేశాల పుణ్యమా అని పెట్టినవి. నిల్వ ఉన్న ప్రమాదకర రసాయనాలు, పొగ లెక్కలు, నీళ్ల లెక్కలు రాయాలి. కొన్నిచోట్ల సుద్దముక్కతో రాసిన అంకెలు వానకి చెరిగిపోయి ఉంటాయి, అది వేరే సంగతి. ఆ బోర్డులో పీహెచ్, సీఓడీ, టీడీఎస్ కింద ఇంకో వరుస గీయండి. కంపెనీ ఏ యాంటీబయాటిక్ తయారు చేస్తే దాని పేరు, లీటరుకు ఎన్ని మైక్రోగ్రాములో, ఏ తేదీన కొలిచారో. మెషీన్ లోపల ఉంది, నడిపే పిల్లలున్నారు, స్టాండర్డ్ (పోల్చి చూసే స్వచ్ఛమైన మందు) కూడా వాళ్ల దగ్గరే ఉంది, ఎందుకంటే ఆ మందు తయారు చేసేదే వాళ్లు.