వేషం విప్పాక ఆ కుర్రాడు ఏమయ్యాడు?

ఆడవేషంలో తనను తాను గుర్తుపట్టే కుర్రాడి కథ ఇంగ్లీషు టీనేజీ నవలల్లో ఇప్పుడు వింతేమీ కాదు. ఆ ప్రదర్శన కళను అక్కడ డ్రాగ్ అంటారు. తెలుగులో అలాంటి నవల మాట ఎత్తితే చాలు, మన దగ్గర ఇవన్నీ ఎక్కడివంటారు. ఆ మాట విజయనగరంలో వినిపిస్తే మాత్రం నవ్వొస్తుంది. 1892లో ఈ ఊళ్లోనే తొలిసారి ప్రదర్శించిన గురజాడ ‘కన్యాశుల్కం’లో సగం చిక్కుముళ్లు ఒక కుర్రాడి ఆడవేషం వల్ల పడ్డవే.

మేనకోడలు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకు దక్కకుండా చేయడానికి కరటకశాస్త్రి తన శిష్యుడికే ఆడపిల్ల వేషం వేసి ఆయనకు కట్టబెడతాడు. చివరి అంకంలో మధురవాణి మగవేషం వేసుకుని సౌజన్యారావు పంతులు ఇంటికి వెళుతుంది. తరతరాలుగా చదివి నవ్వుకుంటున్నాం, పరీక్షల్లో రాస్తున్నాం. శిష్యుడిది సరిగ్గా టీనేజీ నవలా నాయకుడి వయసు. పెళ్లిపీటల మీద వాడికి ఏమనిపించిందో మనలో ఎవరికీ పట్టలేదు. పైగా పని నెగ్గితే తన కూతురినిచ్చి ఇల్లరికం పెట్టుకుంటానని గురువు ముందే ఆశపెట్టాడు. ఆడవేషానికి బహుమానం ఆడపిల్ల! లెక్క సరిపోయింది, ప్రేక్షకుడు నిశ్చింతగా ఇంటికి వెళ్లాడు.

మన రంగస్థలం షరతు ఎప్పుడూ ఇదే. నటుడు స్థానం నరసింహారావు సత్యభామగా నిలబడితే జనం బ్రహ్మరథం పట్టారు, 1956లో పద్మశ్రీ వచ్చింది. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో సత్యభామ కథను ఆటపాటలతో చెప్పే తూర్పు భాగవతం ఆడే మగవాళ్లు మద్దెల దెబ్బకు భామలై వయ్యారాలు పోతుంటే ఊరంతా తెల్లవార్లూ చూస్తుంది. తెల్లారాక మాత్రం కొబ్బరినూనెతో రంగు తుడుచుకుని పొలానికి పోవాలి. ఆ నడక బజారులోనూ మిగిలితే అదే ఊరు పెట్టే పేర్లు వేరు.

నేను చదవాలనుకునే నవల అక్కడ మొదలవుతుంది. చీపురుపల్లి దగ్గర ఏదో పల్లె, ఇంటర్ చదివే కుర్రాడు. సవరం బిగించి జడ ముందుకు వేసుకోగానే, రోజూ భుజాలు ముడుచుకుని తిరిగేవాడు నిటారుగా నిలబడతాడు. మర్నాడు కాలేజీ బస్సులో కంటి మూలల కాటుక ఇంకా పోదు. పక్కవాడు చూసి, కళ్లకలకా అని అడుగుతాడు.

ఇక్కడ తొందరపడితే నవల చెడుతుంది. ఆడవేషం వేసే ప్రతివాడూ మగవాళ్లను ప్రేమించేవాడు కాడు. పుట్టుకలో మగపిల్లాడని రాసినా తాను ఆడదాన్నని తెలిసిన ట్రాన్స్ మహిళకైతే చీర అసలు వేషమే కాదు. తన జెండర్ తానే చెప్పుకునే హక్కును సుప్రీంకోర్టు 2014లో గుర్తించింది. వయోజనుల మధ్య ఇష్టపూర్వక స్వలింగ సంబంధం నేరం కాదని 2018లో తేల్చింది. పదహారేళ్లవాడికి తన సంగతి ఇంత విడివిడిగా తెలియదు. ఆ తెలియనితనానికే నవల ఎక్కువ పేజీలు ఇవ్వాలి.

సంప్రదాయాన్ని అడ్డుపెట్టుకోవడమూ నాకు నచ్చదు. విజయనగరం ఉత్సవంలో సిరిమాను అనే పొడవాటి మాను ఎక్కిన పూజారిని సాక్షాత్తూ పైడితల్లి అమ్మవారిగా కొలుస్తాం కదా, వీణ్నీ ఒప్పుకోండి అనే వాదన వినడానికి బాగుంటుంది. కానీ ఉత్సవం మర్నాడు వాడి గతేమిటి?

రాసేవాళ్లకు ఒక విన్నపం. కుర్రాణ్ని బావిలో దూకించకండి, హైదరాబాదు రైలూ ఎక్కించకండి. ఊళ్లోనే ఉంచి, వచ్చే జాతరకు భామ వేషం ఎవరిదన్న తగవులోకి దించండి. పాత్ర ఇవ్వాల్సిన ముసలి గురువు, ఖర్చు పెట్టే పెద్దమనిషి, కాటుక సంగతి ఎప్పుడో కనిపెట్టి ఊరుకున్న అమ్మ ఒకే అరుగు మీద కూర్చుంటే ఎవరు ముందు నోరు విప్పుతారో చదవాలని ఉంది.