సముద్రంలో సూపర్ బ్యాచ్

పిల్లల ర్యాంకుల కోసం పొలాలు అమ్ముకునే జాతి మనది. అలాంటిది, పైసా ఫీజు లేకుండా ఇరవై నాలుగు గంటలూ నడిచే రెసిడెన్షియల్ కోచింగ్ విశాఖ తీరంలో ఉంటే, ఒక్క ఫ్లెక్సీ కూడా కట్టలేదు. యాంటీబయాటిక్ మందులకు లొంగకుండా బతకడం నేర్చుకునే ఆ విద్యార్థులు బాక్టీరియా అయినంత మాత్రాన ఇంత చిన్నచూపా?

అడ్మిషన్ చాలా సులువు. ఊళ్లోని మురుగంతా గెడ్డల్లో కలుస్తుంది. గెడ్డ నీళ్లు బీచ్ రోడ్డు కిందనుంచి దూరి, ఇసుక మీద నల్లటి చార గీసుకుంటూ సముద్రంలోకి దిగుతాయి. జనం చెప్పులు చేత్తో పట్టుకుని, ముక్కు మూసుకుని ఆ చారను ఒక్క గెంతులో దాటేస్తారు. దాటి, అవే నీళ్లు కలిసిన అలల్లో నిలబడి హాయిగా సెల్ఫీ దిగుతారు.

స్టడీ మెటీరియల్ సరఫరా మనదే. మెడికల్ షాపుకెళ్లి "అన్నా, గొంతు నొప్పి, రెండు అజిత్రో ఇవ్వు" అంటాం. కత్తెర టిక్కుమంటుంది. డాక్టరు చీటీ లేకుండా వాడొద్దని చెప్పే, మందు అట్ట మీది ఎర్ర గీత షాపులో ఉండిపోతుంది, యాంటీబయాటిక్ మాత్రలు మన జేబులోకొస్తాయి. ఒంట్లో ఖర్చుకాని మందు మర్నాడు పొద్దున్నే గెడ్డకు బయల్దేరుతుంది.

ఫ్యాక్టరీల విరాళం ఇంకా ఘనం. పటాన్‌చెరులో మందుల కంపెనీల మురుగును శుద్ధి చేసి వదిలిన నీళ్లను స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రకటించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్! ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు. శుద్ధి చేశాకే ఇంత. అక్కడి వాగులు మంజీరలో, మంజీర గోదావరిలో కలుస్తాయి. గోదావరి ఎక్కడికి పోతుందో చెప్పక్కర్లేదు కదా.

బోధనా పద్ధతి మాత్రం మెచ్చుకోవాలి. మందు ఒక్కసారే దండిగా పడితే క్లాసంతా ఖాళీ. అందుకే రోజూ కొంచెం కొంచెం. చచ్చేవి చస్తాయి, తట్టుకున్నవి పిల్లల్ని కంటాయి. తట్టుకునే కిటుకును ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ చుట్టలో రాసుకుని పక్కవాటికి పంచేస్తాయి. ఇ.కొలై అనే బాక్టీరియా తన నోట్సు క్లెబ్సియెల్లా అనే వేరే జాతి బాక్టీరియాకు ఇస్తుంది, కులగోత్రాలు అడగదు. మన కార్పొరేట్ హాస్టళ్లలో పక్క మంచం వాడికి పెన్సిల్ కూడా ఇవ్వరు.

ప్రభుత్వం చదువుకు అడ్డం రాకపోవడం మరో విశేషం. ఫ్యాక్టరీ మురుగులో ఏ యాంటీబయాటిక్ ఎంత మించకూడదో చెబుతూ కేంద్రం 2020 జనవరిలో ముసాయిదా తెచ్చింది. అందులో ఏకంగా 121 మందుల పేర్లున్నాయి. 2021 ఆగస్టులో అసలు నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ పట్టిక మాయం. సిలబస్ తగ్గిస్తే విద్యార్థులు నష్టపోతారని ఎవరో పెద్దమనసుతో ఆలోచించి ఉంటారు.

ఇక జెండా సంగతి. విశాఖలోని రుషికొండ బీచ్‌కు 2020లో, శుభ్రమైన బీచ్‌లకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. 2025 మార్చిలో శుభ్రత బాగాలేదని దాన్ని తాత్కాలికంగా తీసేస్తే అధికారులు ఉరుకులు పరుగుల మీద తిరిగి తెచ్చుకున్నారు. మంచిదే. అయితే ఆ జెండా కోసం నీళ్లలో ఇ.కొలై, ఎంటెరోకాకై బాక్టీరియా ఎన్నున్నాయో లెక్కపెడతారు గానీ, వాటిలో ఏది ఏ మందుకు లొంగదో అడగరు. హాజరు తీసుకుంటారు, మార్కులు చూడరు.

మార్కులు చూసింది బ్రిటన్ వాళ్లు. అక్కడి బీచ్‌లలో సర్ఫింగ్ చేసేవాళ్లనూ, చేయనివాళ్లనూ పరీక్షించి 2018లో లెక్క తేల్చారు. సెఫోటాక్సిమ్ అనే యాంటీబయాటిక్‌కు లొంగని ఇ.కొలై సర్ఫింగ్ చేసేవాళ్లలో 9 శాతం మంది పేగుల్లో ఉంది, చేయనివాళ్లలో 3 శాతం మందిలో. సర్ఫింగ్ చేసేవాళ్లు ఈతగాళ్ల కంటే చాలా ఎక్కువ సముద్రపు నీళ్లు మింగుతారట.

రుషికొండలోనూ సర్ఫింగ్ నేర్పుతున్నారు. కాబట్టి ప్రభుత్వానికి ఖర్చు లేని మనవి ఒకటి. గెడ్డల జోలికి వెళ్లక్కర్లేదు, ఫ్యాక్టరీల గేటు తట్టక్కర్లేదు. బీచ్‌లో ఒక్క బోర్డు పెట్టించండి చాలు: "ప్రజలు దయచేసి నోరు మూసుకుని స్నానం చేయవలెను."