కాగితం లేని పుస్తకానికి డబ్బెందుకండీ?

ఆర్థిక శాస్త్రానికి తెలుగు పాఠకుడు చేసిన సేవకు ఇంకా తగిన గుర్తింపు రాలేదు. "ఈబుక్కుకు వంద రూపాయలా? కాగితం ఖర్చు కూడా లేదు కదండీ!" అన్న ఒక్క మాటతో ఆయన ధరల సిద్ధాంతాన్ని తేల్చిపారేశాడు. పుస్తకం వెల అంటే కాగితం వెల. రాసినవాడు ఉచితం.

ప్రభుత్వమూ ఆయన పక్షమే. జీఎస్టీ వచ్చినప్పుడు అచ్చు పుస్తకానికి పన్ను లేదు, ఈబుక్కుకు 18 శాతం. 2018 జులైలో దయతలచి 5కు దించారు. అయితే ఆ పుస్తకం అచ్చులోనూ ఉండాలట. తెర మీదే పుట్టినదానికి పద్దెనిమిదే. కాగితపు అన్నగారు పూచీ పడితే తప్ప తమ్ముణ్ణి నమ్మరన్నమాట.

అచ్చు పుస్తకం వెల వంద అయితే నలభై, ఒక్కోసారి యాభై అమ్మకందారు కమిషనుకే పోతాయి. ముద్రణ, గోదాము, రవాణా వేరు. ఈబుక్కుకు ఈ బాధలు లేవు, నిజమే. కానీ మన పుస్తకాలు చాలావరకు పేజ్‌మేకర్‌లో 'అను' అనే పాతకాలపు తెలుగు ఫాంట్లతో కూర్చినవి. ఈబుక్కుకు కావలసిన అక్షర పద్ధతి యూనికోడ్‌లోకి మార్చగానే ఒత్తులు ఒకచోట, దీర్ఘాలు ఒకచోట పడతాయి. మూడు వందల పేజీలూ ఒక మనిషి మొదటి అక్షరం నుంచి మళ్ళీ చదవాలి. ఆయనకు పేజీకి ఎంత ఇస్తున్నామో చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది. ఆ శ్రమనే మీరు ఖర్చు లేదంటున్నది! మీ జీతం కూడా కాగితం మీద రావడం లేదు, బ్యాంకు ఖాతాలో అంకెగా పడుతోంది. వదులుకుంటారా?

2016లో అమెజాన్ వారి ఈబుక్కుల దుకాణం కిండిల్ హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం పుస్తకాలు అమ్మకానికి పెట్టినప్పుడు తెలుగు ఆ వరుసలో లేదు. మన ఖ్యాతి ముందే చేరినట్టుంది.

ఆవిష్కరణ సభలో ఈ సిద్ధాంతకర్తను చూసి తీరాలి. ముందు వరుసలో కూర్చుంటాడు. మిర్చిబజ్జీ తింటాడు. రచయితకు శాలువా కప్పి ఫొటో దిగుతాడు. దిగుతూనే చెవిలో, "పీడీఎఫ్ ఉంటే పంపండి సార్, తీరిగ్గా చదువుతాను" అంటాడు. రచయిత మొహమాటపడి నవ్వుతాడు. వారం తిరక్కుండా పుస్తకం మొత్తం, ఎవరో పేజీ పేజీ ఫోనుతో తీసిన ఫొటోలుగా, వాట్సాప్ గ్రూపులో ప్రత్యక్షమవుతుంది. "మీ సాహిత్య సేవ మరువలేనిది" అని పెట్టినవారికి దండాలే దండాలు. ఒకాయన మాత్రం అలుగుతాడు: "47వ పేజీలో బొటనవేలు అడ్డొచ్చింది. మంచి కాపీ పెట్టగలరు." అడ్మిన్ బాధ్యత గలవాడు. అదే గ్రూపులో ఉన్న రచయితనే పిలుస్తాడు: "సార్, ఒరిజినల్ మీ దగ్గర ఉంటుంది కదా?"