అటు ఐదు, ఇటు ఐదు

పాత సైకిలు ముందు చక్రం ఊడదీయడానికి ఒక్క పానా చాలు. చక్రం కూర్చోనని మొరాయిస్తే మేస్త్రీ, చక్రాన్ని పట్టుకునే ఫోర్కు కాళ్లు రెండూ పట్టుకుని కాస్త విడదీసేవాడు. కొండలెక్కే సైకిళ్ల దగ్గర ఆ చనువు పనికిరాదు. డిస్కు బ్రేకులు వచ్చాక, బ్రేకు పట్టినప్పుడల్లా కింద తెరిచి ఉన్న గాడిలోంచి ఇరుసును బయటికి నెట్టే బలం ఒకటి పుట్టుకొచ్చింది. అందుకని గాడి మూసేసి రంధ్రం పెట్టారు. లావుపాటి ఇరుసును ఈ కాలులోంచి చక్రం గుండా ఆ కాలులోకి దూర్చి మరతో బిగిస్తారు. దాని పేరు త్రూ యాక్సిల్.

ఇంతవరకు బాగానే ఉంది. చిక్కంతా కొలతల్లో వచ్చింది. కొండ మీంచి కిందికి దూసుకొచ్చే పోటీల వాళ్లకు ఇరుసు 20 మిల్లీమీటర్ల లావు, ఫోర్కు కాళ్ల మధ్య 110 వెడల్పు ఉండేది. మామూలు సవారీకి అంత బరువెందుకని 2008లో సైకిలు భాగాల కంపెనీలు షిమానో, ఫాక్స్ కలిసి 15 లావు, 100 వెడల్పు తెచ్చాయి. 29 అంగుళాల పెద్ద చక్రాలు గట్టిగా నిలవాలంటే చువ్వలు ఇంకాస్త ఎడంగా ఉండాలని 2015 ప్రాంతంలో స్రామ్ అనే మరో కంపెనీ వాళ్లు 15 లావు, 110 వెడల్పు చేసి ‘బూస్ట్’ అన్నారు. ప్రతి మార్పుకూ సబబైన కారణమే ఉంది. ఒక్కటీ మా బావమరిది చెవిన పడలేదు.

బెంగళూరు మిత్రుడెవరో చవకగా ఇస్తున్నాడని అతను సస్పెన్షన్ ఫోర్కు తెప్పించుకున్నాడు. ఆదివారం కైలాసగిరి ఎక్కి తీరాలి. శనివారం పొద్దున్నే బిగించి చూస్తే, ముందు చక్రం రెండు కాళ్ల మధ్య అటూ ఇటూ ఊగులాడింది. చక్రం వంద, ఫోర్కు నూటపది.

“కాస్త నొక్కి బిగించరా, అదే సర్దుకుంటుంది” అన్నారు అత్తయ్యగారు వంటింట్లోంచి. వీధి చివర సైకిలు మేస్త్రీ కూడా అదే అన్నాడు, కాకపోతే అతని చేతిలో సుత్తి ఉంది. ఫోర్కు కింది భాగం మెగ్నీషియం పోత. నొక్కితే వంగి ఊరుకునే సరుకు కాదు, విరుగుతుంది.

అప్పుడు మామయ్యగారు పేపరు మడిచారు.

ఆయన షిప్‌యార్డులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. ఓడల షాఫ్టులు అమర్చిన ఆ చేతులకు ఇన్నేళ్లుగా దొరికినవి తలుపు బందులూ, కారే కుళాయిలూ మాత్రమే. బీరువాలోంచి వెర్నియర్ కాలిపర్ బయటికొచ్చింది. విశాఖ ఉప్పుగాలికి ఇంట్లో కిటికీ ఊచలన్నీ తుప్పు పట్టాయి గానీ, దాని మీద ఒక్క మచ్చ లేదు. ఫోర్కు కొలిచారు, చక్రం కొలిచారు, మళ్లీ మొదట్నుంచి కొలిచారు.

“అటు ఐదు, ఇటు ఐదు” అని ప్రకటించి చొక్కా వేసుకున్నారు.

ఆటోనగర్‌లో లేత్ మేస్త్రీ ఆయనకు పాత శిష్యుడు. “ఏ బండికి గురువుగారూ?” అన్నాడు. సైకిలుకని తెలిశాక మిషను ఆపేసి మావైపు కాసేపు చూశాడు. గురుభక్తి వల్ల మళ్లీ మిషను వేసి, అల్యూమినియం కడ్డీ నుంచి రెండు రింగులు కోసిచ్చాడు. మామయ్యగారు అక్కడే కొలిచి, జేబులోంచి పెన్ను తీసి ఒకదాని మీద ఏదో గీసుకున్నారు.

ఇంటికొచ్చి పెడితే చక్రం బుద్ధిగా కూర్చుంది, ఇరుసు చివరిదాకా దిగింది. అత్తయ్యగారు కాఫీ ఇచ్చారు. బావమరిది చక్రం తిప్పాడు. చక్రం తిరిగింది గానీ డిస్కు మాత్రం బ్రేకు దవడకు రాసుకుని కుయ్యోమంది. ఫోర్కు కాలు ఐదు మిల్లీమీటర్లు బయటికి జరిగింది, దాంతోపాటే బ్రేకూ జరిగింది, డిస్కు మాత్రం చక్రం నడిమి పాత హబ్బునే పట్టుకుని ఉండిపోయింది.

మళ్లీ ఆటోనగర్. డిస్కు వెనక పెట్టడానికి ఐదు మిల్లీమీటర్ల బిళ్ల. ఇంటికొచ్చాక తేలింది, డిస్కు బోల్టులు ఆరూ ఇప్పుడు ఐదు మిల్లీమీటర్లు పొట్టి. అవి విప్పడానికి నక్షత్రం ఆకారపు తాళంచెవి కావాలి. మామయ్యగారి పెట్టెలో ఓడను విప్పగలిగే పానాలున్నాయి, అది లేదు.

ఈ రింగులూ, బిళ్లా, పొడవు బోల్టులూ కలిపి ఒక కిట్టుగా అమ్ముతారని నేను ఫోనులో చూపించాను. అల్లుడికి దక్కాల్సిన మర్యాదలో కొంత ఆ క్షణాన తగ్గింది. రాత్రి అన్నం దగ్గర నెయ్యి కూడా నన్ను దాటి వెళ్లింది.

పూర్ణా మార్కెట్ వైపు తిరిగి తిరిగి బోల్టులూ తాళంచెవీ సంపాదించాం. పడుకునే వేళకు బ్రేకు సరిగ్గా పట్టింది.

ఆదివారం పొద్దున కైలాసగిరి నుంచి ఫోను. తుమ్మముల్లు దిగి పంక్చరైందట. చక్రం ఊడదీయగానే రింగు ఒకటి జారి, ఘాట్ రోడ్డు మీద దొర్లుకుంటూ మలుపు దాటి పొదల్లోకి వెళ్లిపోయిందట.

మామయ్యగారు ఫోను అందుకున్నారు. “ఏది పోయింది?”

“రెండూ ఒకటేగా నాన్నా.”

“ఒకటేమిటి? ఒకటి ఐదు, ఇంకోటి నాలుగు పాయింట్ తొమ్మిదారు. నీ దగ్గరున్న దాని మీద పెన్నుగీత ఉందా, లేదా? చూసి చెప్పు, నేను చొక్కా వేసుకుంటాను.”