మంచం మీది మనిషి కూడా మార్కులు వేయాలి

పక్షవాతం వచ్చిన మనిషిని మంచం మీంచి లేపమంటే, కొత్తగా ఫిజియోథెరపీ నేర్చుకునే విద్యార్థులు చాలామంది చంకలో చెయ్యి వేసి పైకి లాగుతారు. కండరాల పట్టు పోయి వేలాడే ఆ భుజానికి అదే పెద్ద చేటు. నెలల తరబడి వదలని నొప్పి అక్కడే మొదలు కావచ్చు. ఈ తప్పు ఎప్పుడో ఒకప్పుడు జరిగేదే అయితే, రోగి వేషంలో ఉన్న ఆరోగ్యవంతుడి దగ్గర జరగడం మేలు.

1963లో అమెరికాలో నరాల వైద్య నిపుణుడు హోవర్డ్ బారోస్ ఒక మోడల్‌కు తర్ఫీదిచ్చి, నరాల జబ్బున్న రోగిగా విద్యార్థుల ముందు కూర్చోబెట్టారు. వైద్యవిద్యలో ఈ వేషాలేమిటని నొసలు చిట్లించినవారూ ఉన్నారు. 1975లో స్కాట్లండ్‌లోని డండీలో రొనాల్డ్ హార్డెన్ బృందం ఒక్కో నైపుణ్యానికి ఒక్కో బల్ల పెట్టి, నిర్ణీత సమయంలో పరీక్షించే పద్ధతిని లోకానికి చూపింది. నటించే రోగులతో నేర్పడం ఫిజియోథెరపీకీ నప్పుతుందా అన్న సందేహానికి 2012లో ఆస్ట్రేలియా నుంచి జవాబు వచ్చింది: ఆసుపత్రి శిక్షణలో నాలుగో వంతును అలాంటి రోగులతో నడిపినా విద్యార్థుల సామర్థ్యం తగ్గలేదని అక్కడి అధ్యయనాలు తేల్చాయి.

నాలుగో వంతే. ఆ మాట మరిచి ఆసుపత్రి రోజులకు కోత పెట్టే యాజమాన్యాలను మేము సమర్థించం. నటుడు కుంటగలడు, మూలగగలడు, భయపడగలడు. బిగుసుకుపోయిన కండరం మన చేతిని ఎలా ఎదిరిస్తుందో, కీలు వంగుతూ వంగుతూ ఎక్కడ ఆగిపోతుందో చూపించలేడు. అది అసలు రోగి ఒంటి మీదే తెలియాలి.

మా అసలు ఫిర్యాదు వేరే. పరీక్ష అనగానే చేతికో పట్టిక వస్తుంది. చక్రాల కుర్చీ బ్రేకు వేశారా, నడుముకు బెల్టు కట్టారా, నిలబెట్టాక కళ్లు తిరుగుతున్నాయా అని అడిగారా? టిక్కు, టిక్కు, టిక్కు. ఇవన్నీ ప్రాణాలకు సంబంధించినవే, కాదనం. కానీ "నొప్పిగా ఉందా?" అని అడిగి, జవాబు వినకుండానే కాలు వంచేసే విద్యార్థికీ ఆ పట్టిక పూర్తి మార్కులు ఇచ్చేస్తుంది! చెప్పకుండా దుప్పటి తీసినప్పుడు కలిగిన ఇబ్బంది, పట్టుకున్న చేతిలోని తడబాటు మంచం మీదున్న మనిషికే తెలుస్తాయి. పరీక్షకుడు నిలబడిన మూల నుంచి అవి కనబడవు.

అందుకే ఆ మనిషికి మార్కులు వేయడంలో వాటా ఇవ్వాలి. నటుల మధ్య తేడాలొస్తాయన్న అభ్యంతరం ఉంది. పరీక్షకుల మధ్య రావా? ఇద్దరికీ ముందుగా కలిపి తర్ఫీదిస్తే సరిపోతుంది. గంట మోగగానే విద్యార్థిని పంపేయకుండా, వేషం వదిలిన రోగి ఎదుటే కూర్చోబెట్టి రెండు నిమిషాలు మాట్లాడించాలి. ఆ తర్వాత అదే మనిషిని, అదే మంచం మీంచి, మరోసారి లేపమనాలి.